తాళం వేసిన డయలు

ఉదయం పదకొండూ ఇరవైకి వంటామె నాకు గ్లాసెడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. టైము ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. ఫోను బాగుచేసిన వేళను ఫిర్యాదు కాగితం మీద రాయడం మా పద్ధతి. నేను పదకొండూ ఇరవై అని రాస్తుండగానే ఆమె గ్లాసు తెచ్చి ఆ కాగితం అంచు మీద పెట్టింది. గుండ్రటి తడి మరక పడింది. ఆ మరకతోనే కాగితాన్ని ఆఫీసులో ఇచ్చాను.

అది పుంగనూరులో ఒక సంఘం నడిపే బాలికల హాస్టలు. ఊళ్ళ పేర్లు తప్ప ఇందులో ఎవరి పేరూ రాయను. ఉన్నవాళ్ళు ఇబ్బంది పడతారు, పోయినవాళ్ళు వచ్చి కాదనలేరు. నేను అప్పుడు టెలిఫోను మెకానిక్కుని. ఇల్లు మదనపల్లెలో, డ్యూటీ పుంగనూరులో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. బస్సులో లైబ్రరీ పుస్తకాలు చదువుకునేవాణ్ణి. చదువుకున్నవాడినని నా గురించి నాకొక అభిప్రాయం ఉండేది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు డయలు ఫోనును ఏ హోటలు అరలోనో బొమ్మలాగా చూసి ఉంటారు. దాని తీరు కొంచెం చెప్పకపోతే నేను చేసింది అర్థం కాదు.

ఫోను ముందువైపు పది రంధ్రాల చక్రం ఉంటుంది. కుడిపక్క కింద చిన్న ఇనుప కొక్కెం. కావలసిన అంకె రంధ్రంలో వేలు పెట్టి, కొక్కేనికి తగిలేదాకా తిప్పి వదిలేయాలి. తిప్పేటప్పుడే నంబరు పోతుందని చాలామంది అనుకునేవాళ్ళు. తిప్పేటప్పుడు ఏమీ పోదు. వేలు తీశాక లోపలి స్ప్రింగు చక్రాన్ని వెనక్కి లాక్కుంటుంది. అలా వెనక్కి వస్తున్నప్పుడు లైను తెగుతూ అతుక్కుంటూ ఉంటుంది. మూడు తిప్పితే మూడుసార్లు తెగుతుంది. సున్నా తిప్పితే పదిసార్లు. అందుకే ఆ చక్రం మీద సున్నా ఒకటికి ముందు కాక తొమ్మిది తర్వాత ఉండేది. వెనక్కి వచ్చే వేగాన్ని గవర్నరు అనే చిన్న భాగం పట్టి ఉంచేది. మనిషి కోపంగా తిప్పినా వణుకుతూ తిప్పినా చక్రం మాత్రం తన వేగంతోనే వెనక్కి వచ్చేది. అవతల ఎక్స్చేంజిలో ఉన్న యంత్రానికి గొంతులు తెలియవు, మనుషులు తెలియరు. తెగిన లెక్క ఒక్కటే తెలుసు.

అప్పట్లో ఫోనున్న ప్రతిచోటా డయలుకు తాళం వేసేవాళ్ళు. వేలెడంత తాళం, ఒకటో రంధ్రంలో. చక్రం తిప్పబోతే తాళం కొక్కేనికి కొట్టుకుని ఆగిపోయేది. బయటినుంచి ఫోన్లు వస్తాయి, ఇక్కడినుంచి చేయడానికి లేదు. తాళంచెవి ఇంటిపెద్ద దగ్గర. ఈ హాస్టల్లో మేట్రనమ్మ దగ్గర. ఆ తాళం బిగించింది నేనే. గట్టిదేనా అని సంఘం అధ్యక్షుడు అడిగితే, యముడొచ్చినా తిప్పలేడు సార్ అన్నాను. ఆయన నవ్వాడు. నాకు బాగా అనిపించింది.

కానీ లైను తెంపగలిగేది డయలు ఒక్కటే కాదు. రిసీవరు పెట్టేచోట రెండు బొడిపెలు ఉంటాయి. వాటిని నొక్కినా లైను తెగుతుంది. ఫోను పెట్టేయడమంటే అదే కదా. డయలు వేగంతో ఆ బొడిపెలను మూడుసార్లు తట్టితే, యంత్రానికి అది మూడు. కొంచెం ఆగి ఇంకొక అంకె తట్టాలి. తాళం చెక్కుచెదరదు, నంబరు కలుస్తుంది. మెకానిక్కులందరికీ ఈ సంగతి తెలుసు. బయట చెప్పకూడదన్నది మాకు నియమం.

నాకిది నేర్పింది మదనపల్లెలో మా పెద్ద మెకానిక్కు. పక్కగదిలో ఎవరైనా డయలు తిప్పుతుంటే, ఇక్కడ భోజనం చేస్తూనే అది నిదానంగా ఉందో తొందరగా ఉందో చెప్పేవాడు. ఒకసారి పెళ్ళికి వెళ్ళి, భోజనాలు మొదలయ్యేలోగా ఆ ఇంటివాళ్ళ ఫోను విప్పి గవర్నరు తుడిచిపెట్టి వచ్చాడు. అక్షింతలు వేయడం మాత్రం మరిచిపోయాడు. తట్టడం నేర్పిన రోజున ఆయన ఒక్క మాటే అన్నాడు: "ఇది మన పనికే అప్పా. ఊరికి సూపించేదానికి కాదు."

ఆ పదకొండూ ఇరవైకి ముందు జరిగింది ఇది. హాస్టలు ఫోనులో మాట సరిగ్గా వినపడటం లేదని ఫిర్యాదు. రిసీవరు తీగ మార్చాను. బాగయిందో లేదో తెలియాలంటే మా టెస్టు డెస్కుకు ఒకసారి ఫోను చేయాలి. తాళం వేసి ఉంది. మేట్రనమ్మ పోస్టాఫీసుకు వెళ్ళింది. ఆమె వచ్చేదాకా కూర్చునే ఓపిక లేక బొడిపెలు తట్టి నంబరు కలిపాను. మజ్జిగ ఉందా అని నేనే అడిగి ఉండటం వల్ల, వంటామె లోపలికీ బయటికీ తిరుగుతోంది. వాకిలి దగ్గర నిలబడి అంతా చూసింది.

"అదేమప్పా, తాళం ఉండాది కదా?"

తాళం డయలుకే కానీ ఫోనుకు కాదన్నాను. ఇంకొక్కసారి చెయ్యమంది. చేశాను. తనను చెయ్యనిమ్మంది. అక్కడ ఆగి ఉండవలసింది. మా పనిని చూసి ఆశ్చర్యపడేవాళ్ళు తక్కువ. ఫోను బాగుంటే మమ్మల్ని ఎవరూ తలుచుకోరు, పాడైతే తిడతారు. ఒక మనిషి కళ్ళు పెద్దవి చేసి చూస్తుంటే నేను నిలదొక్కుకోలేకపోయాను.

ఆమె బియ్యం కొలిచే మనిషి. ఒకటి అనదు, లాభం అంటుంది. "లాభం, రెండు, మూడు" అంటూ తట్టింది. మొదటిసారి చెయ్యి నిదానమై తప్పింది. రెండోసారి మా టెస్టు డెస్కువాడు ఎవురది అని పలికాడు. ఆమె రిసీవరు వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గోడమీద అంటించిన కాగితంలో ఆసుపత్రి, పోలీసు స్టేషను, మండలాఫీసు నంబర్లు ఉన్నాయి. వాటికీ ఇంతేనా అని అడిగింది. ఏ నంబరుకైనా ఇంతేనన్నాను. ఎవరికీ చెప్పొద్దని మాత్రం చెప్పాను.

"నాకు ఎవురుండారప్పా ఫోను సేసేదానికి?" అంది.

తర్వాత రెండు నెలలకు వానలు పడ్డాయి. హాస్టలు బోరునీళ్ళు చెడిపోయి పిల్లలకు వాంతులు, జ్వరాలు పట్టుకున్నాయి. ఏడుగురు పడకేశారు. ఆసుపత్రికి తీసుకుపోతానని మేట్రనమ్మ అధ్యక్షుణ్ణి అడిగింది. ఎల్లుండి కొత్త గదుల ప్రారంభం, పెద్దవాళ్ళు వస్తున్నారు, ఇప్పుడు ఊళ్ళో మాట పుట్టకూడదు, కాంపౌండరును పంపిస్తాం, రెండు రోజులు ఓర్చుకోమన్నాడాయన. ఆమె ఒక రాత్రి, ఒక పూట ఓర్చుకుంది. ఆ మధ్యాహ్నం మండలాఫీసుకు ఎవరో ఆడమనిషి ఫోను చేసి, హాస్టలు పేరు చెప్పి, పిల్లలు చచ్చిపోతాండారు రండి అని పెట్టేసింది. గంటలో జీపు వచ్చింది, డాక్టరు వచ్చాడు. ఏడుగురినీ తీసుకుపోయారు. ఒక పాపను మదనపల్లె పంపవలసి వచ్చింది. ఇంకొక పూట ఆలస్యమై ఉంటే చెప్పలేమని డాక్టరు అందరి ముందూ అన్నాడు. ఆ పాప బతికింది. ప్రారంభం ఆగిపోయింది.

సంఘానికి కావలసింది ఒకటే: ఫోను చేసిందెవరు? గేటు దాటి ఎవరూ పోలేదని కాపలాదారు చెప్పాడు. లోపల ఉన్నది ఒకే ఫోను. దానికి తాళం. తాళంచెవి మేట్రనమ్మ నడుముకు ఉండే గుత్తిలో. తాను చేయలేదని ఆమె అంది. ఎవరూ నమ్మలేదు. అప్పుడు ఆమే అందట, ఫోనాయన్ని పిలిపించి అడగండి, ఆయనకు తెలుస్తుంది అని.

సోమవారం పదింటికి రమ్మని నాకు కబురొచ్చింది. వెళ్ళేముందు మదనపల్లెకు ఫోను చేసి మా పెద్ద మెకానిక్కుకు సంగతంతా చెప్పాను.

"ఎవురికన్నా సూపించినావా?"

ఒకరికి అన్నాను.

"విద్దె సేతిలో ఉంటే నీకు నిలవదు కదా. సరే. నేనైతే నిజం సెప్పేసి మెమో తీసుకుంటా. నాకు రిటైర్మెంటు దగ్గిర పడింది, నాకు సులభం. నీది నువ్వే సూసుకోవాల."

ఇందులో మొదటి సగం నేను విననట్టే ఉన్నాను. చివరి మాట ఒక్కటి పట్టుకున్నాను. మదనపల్లెకు బదిలీ కోసం నేను పెట్టుకున్న అర్జీ అప్పుడు పై ఆఫీసులో ఉంది. నా భార్య అక్కడ బడిలో టీచరు. చిన్నపిల్లతో ఒక్కతే అవస్థ పడుతోంది. తాళం వేసిన ఫోను ఎలా చేయాలో జనానికి నేర్పుతున్నాడని ఒక ఉత్తరం పోతే ఆ అర్జీ చెత్తబుట్టలోకి పోతుంది. ఇది నిజమే. ఇంకొక నిజం కూడా ఉంది. యముడొచ్చినా తిప్పలేడని నేను మాటిచ్చిన మనిషి ముందు, వంటామె తిప్పగలదని ఎలా చెప్పను?

ఆఫీసు గదిలో అధ్యక్షుడు, సంఘం సభ్యులిద్దరు కూర్చుని ఉన్నారు. బల్ల మీద తాళం వేసిన ఫోను, పక్కన తాళంచెవుల గుత్తి. మేట్రనమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. ఎప్పుడూ తెల్లచీరే. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. నాకు మాత్రం కుర్చీ వేశారు.

తాళం వేసి ఉంటే ఈ ఫోనులో నంబరు చేయవచ్చా అని అధ్యక్షుడు అడిగాడు. తాళం ఉంటే డయలు తిరగదు సార్ అన్నాను. అది అబద్ధం కాదు. దానితో సరిపోతుందని ఆశపడ్డాను. ఆయన తెలివైనవాడు.

"డయలు సంగతి కాదు నేనడిగేది. ఏ విధంగానైనా సరే, చేసేదానికి వీలుందా, లేదా?"

సరిగ్గా అప్పుడు వంటామె టీ పళ్ళెంతో లోపలికి వచ్చింది. ఒక్కొక్కరికి గ్లాసు అందించుకుంటూ నా దగ్గరికి వచ్చింది. గ్లాసు అందుకున్నాను.

"లేదు సార్," అన్నాను.

వంటామె ఖాళీ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. మేట్రనమ్మ నావైపు చూసింది. కోపంగా కాదు. నేను ఇంకా ఏదో చెప్పబోతున్నానని, చెప్పనిద్దామని ఆగినట్టు. నేను టీ తాగాను.

"నేను చెయ్యలేదు," అందామె చివరికి. "చేసుండాల్సింది. చెయ్యలేదు."

అధ్యక్షుడు కాగితాలు సర్దుకుంటూ నిదానంగానే మాట్లాడాడు. "ఫోను చేసినందుకు కాదమ్మా. చేసినానని ఒప్పుకొనింటే వదిలేసేవాళ్ళం. ఇంతమంది ముందర అబద్ధం చెప్పినావే, దానికి."

ఆమె పదహారేళ్ళు ఆ హాస్టల్లో ఉంది. అబద్ధం చెప్పిందన్న పేరుతో పోయింది. ఆ గదిలో అబద్ధం చెప్పిన మనిషికి టీ ఇచ్చి, బస్టాండుదాకా స్కూటరు మీద దింపించారు.

నెల తిరక్కముందే నా బదిలీ ఆర్డరు వచ్చింది. ఆ సాయంత్రం నా భార్య సేమియా పాయసం చేసింది. తిన్నాను. రెండోసారి కూడా వేయించుకున్నాను. జరిగింది ఆమెకు ఆనాడు చెప్పలేదు, తర్వాత కూడా చెప్పలేదు. ఆమె పోయి ఇప్పటికి ఆరేళ్ళు. చెప్పకుండా మిగిలిపోయినవాటిలో పెద్దది ఇదే.

నాకు నేను చెప్పుకునే మాట ఒకటి ఉండేది. నేను నిజం చెప్పి ఉంటే వంటామె పట్టుబడేది, పిల్లలున్న మనిషి, పొట్టకూడు పోయేది అని. ఆ మాట నాలుగేళ్ళు పనికొచ్చింది.

నాలుగేళ్ళ తర్వాత ప్రమోషను మీద కుప్పం వెళ్ళాను. పట్టుమని పది రోజులు కాలేదు. ఒక చిన్న ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది, డయలు వెనక్కి రావడం లేదని. కుర్రవాళ్ళెవరూ లేకపోతే నేనే వెళ్ళాను. రోగుల చీటీలు రాసే బల్ల దగ్గర మేట్రనమ్మ కూర్చుని ఉంది. తెల్లచీర. కళ్ళజోడు కొత్తది.

"కూర్చోప్పా," అంది. "దీనికి తాళం లేదు, నీకు కష్టం లేదు."

ఆ మాటలో ఎగతాళి ఉందో లేదో ఈనాటికీ తేల్చుకోలేదు. డయలు విప్పాను. ఎవరో మంచిచేద్దామని గవర్నరులో కొబ్బరినూనె పోశారు. దుమ్ము పట్టి గట్టిపడింది. తుడిచి బిగించేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటలో ఆమె వచ్చినవాళ్ళకు చీటీలు రాసింది. నేను తల ఎత్తలేదు.

పని అయ్యాక టెస్టు డెస్కుకు చేయడానికి రిసీవరు తీయబోయాను. ఉండు అంది. తానే రిసీవరు ఎత్తింది. ఫిర్యాదు చీటీమీద ఉన్న మా నంబరు చూసి, బొడిపెలమీద వేళ్ళు పెట్టింది.

"లాభం, రెండు," అని తట్టింది. ఆగింది. మళ్ళీ తట్టింది. అవతల మా టెస్టు డెస్కు పలికింది. రిసీవరు నా చేతికి ఇచ్చింది. నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. పెట్టేశాను.

వంటామె మీకు చెప్పిందా అని అడిగాను.

"జీపు పోయిన సాయంత్రమే వచ్చి చెప్పింది. నా కాళ్ళు పట్టుకొని ఏడ్చింది. లెయ్యమ్మా, నేను చెయ్యాల్సిన పని నువ్వు చేసినావు అన్నాను."

అంటే సోమవారం ఆ గదిలో నిలబడినప్పుడు మేట్రనమ్మకు అంతా తెలుసు. మరి మీరెందుకు చెప్పలేదని అడిగాను. అడిగే హక్కు నాకు లేదు. అయినా అడిగాను.

"నేను చెప్తే, నీకు ఎవరు చెప్పినారు అంటారు. ఆమె పేరు వస్తాది. ముగ్గురు పిల్లోళ్ళు ఆమెకు. నువ్వు చెప్తే పని తెలిసినోడు చెప్పినట్టు. తట్టినా పోతాది, ఎవరైనా చెయ్యొచ్చు అంటే అయిపాయె. ఎవరి పేరూ రాదు. అందుకే కదప్పా నిన్ను పిలిపించమన్నాను."

నేను నాలుగేళ్ళుగా దాచుకున్న మాట అప్పుడు నోటిదాకా వచ్చింది. నేను ఆమె కోసమే అని మొదలుపెట్టాను.

"వద్దప్పా," అంది మేట్రనమ్మ. "నువ్వు చెప్తావనుకొన్నాను, అంతే." తర్వాత ఫిర్యాదు కాగితం తన వైపు లాక్కుని, టైము ఎంతని రాయాల అని అడిగింది. చెప్పాను. రాసి సంతకం చేసి ఇచ్చింది.

కుప్పంలో మూడేళ్ళు ఉన్నాను. ఆ ఆసుపత్రి ఫిర్యాదు వస్తే వేరేవాళ్ళను పంపేవాణ్ణి. సంఘానికి ఒక ఉత్తరం రాసి, ఆమె చెప్పింది నిజమని తెలియజేయాలని రెండుసార్లు కాగితం తీశాను. మంచి భాషలో రాశాను కూడా. పోస్టు చేయలేదు. తర్వాత బటన్ల ఫోన్లు వచ్చాయి. మదనపల్లెలో పాత డయలు ఫోన్లను వెనక్కి తీసుకుని గోనెసంచుల్లో వేయించే పని నాకే పడింది. కొన్నిటికి తాళాలు అలాగే ఉన్నాయి. తాళంచెవులు ఎక్కడున్నాయో ఇచ్చినవాళ్ళకే తెలియదు. మా పెద్ద మెకానిక్కు అప్పటికి రిటైరయ్యాడు. ఒక సంచి విప్పి చూసి, ఒక డయలును చెవి దగ్గర పెట్టుకుని తిప్పి వదిలాడు. "బాగుండాది," అని మళ్ళీ సంచిలో వేశాడు. హాస్టలు సంగతి ఆయన నన్ను ఏనాడూ అడగలేదు.

పోయిన ఏడాది వంటామె నాకు సెల్లుకు ఫోను చేసింది. నా నంబరు ఎలా సంపాదించిందో తెలియదు. మేట్రనమ్మ పోయింది, రేపు కుప్పంలో మట్టి చేస్తారు, రావాల్నంటే రా అప్పా అంది. వెళ్ళాను. చర్చిలో మూడో బెంచీలో కూర్చున్నాను. ఆ హాస్టల్లో చదువుకున్న ఆడపిల్లలు చాలామంది వచ్చారు. వాళ్ళూ నడివయసు వాళ్ళయ్యారు. ఆమె గురించి ఎవరైనా మాట్లాడతారా అని పాస్టరు అడిగాడు. ఇద్దరు ముగ్గురు మాట్లాడాక వంటామె లేచింది. నడుము వంగిపోయింది. ముందుబెంచీ పట్టుకుని నిలబడింది.

"అబద్దం సెప్పిందని ఈ తల్లిని పంపించేసినారు. ఆ పొద్దు ఆ ఫోను సేసింది నేను. ఈ తల్లికి తెలుసు. నన్ను కాపాడేదానికి మాట పడింది." అంతే చెప్పి కూర్చుంది.

బెంచీల్లో అలికిడి అయింది. తాళం ఉండగా ఎలా చేశావని ఎవరూ అడగలేదు. అక్కడున్న సగంమందికి తాళం అంటే ఏమిటో తెలియదు. ఇంకెవరైనా ఉన్నారా అని పాస్టరు మళ్ళీ అడిగాడు. నేను చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. అది రెండోసారి. ఆనాడైతే బదిలీ అర్జీ ఉంది. ఈసారి అదీ లేదు.

మట్టి చేసి వస్తుంటే వంటామె నా పక్కన నడిచింది.

"నీ పేరు సెప్పలేదప్పా," అంది. "అది నువ్వు సెప్పేది."

అందుకే ఇది రాస్తున్నాను. ఎవరి పేరూ రాయనని మొదట్లో అన్నాను. ఆ నియమం కింద నేనూ దాక్కున్నానని ఇప్పుడు చదువుకుంటే తెలుస్తోంది. పేరు లేకపోయినా ఆ సంఘంలో మిగిలినవాళ్ళు ఇది చదివితే నన్ను గుర్తుపడతారు. దీని నకలు ఒకటి వాళ్ళకు పోస్టులో పంపుతున్నాను. ఈసారి పోస్టు చేశాకే ఈ వాక్యం రాశాను.

పనిలో కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది పెద్దగా లేదు. మీకు తెలిసిన పని గురించి ఒకరోజు మిమ్మల్ని అడుగుతారు. అడిగినప్పుడు, అడగమని చెప్పిందెవరో కూడా చూడండి.

ఫోన్లకు ఇప్పుడు ఎవరూ తాళాలు వేయరు. ఫోనాయన్ని పిలిపించి అడగండి, ఆయనకు తెలుస్తుంది అని కూడా ఎవరూ అనరు.